ఉగాదికి మొదలవుతుందని చెప్పాను

ఆసుపత్రి కోసం చందాలు అడగడం నా ఉద్యోగంలో భాగం కాదు. నేను నర్సును. సూదులు, సెలైన్లు, కాన్పులు, పాముకాట్లు, పురుగుమందు తాగి వచ్చినవాళ్ళు, ఇవన్నీ నాకు తెలిసిన పనులు. చెయ్యి చాచి అడగడం తెలియదు. కానీ ఉద్యోగం చివరి మూడేళ్ళలో అదే నా పనైంది. కొత్తగా ఈ చందాల పనిలోకి వస్తున్న మీకు, నేను బాగా చేసిన పనుల గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెడగొట్టిన పని ఒకటుంది. దాన్ని వేరేవాళ్ళు చెబితే నన్ను కాస్త వెనకేసుకొస్తారు. అందుకని నేనే చెబుతున్నాను.

మా ఆసుపత్రి గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు మీద ఉంది. ముప్పై మంచాలు. ప్రభుత్వానిది కాదు, ఏ ఒక్క డాక్టరుదీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి ఒక ఫౌండేషన్ పెట్టుకుని, పంటలు చేతికొచ్చినప్పుడు తలా ఇంత వేసుకుని నడుపుకుంటున్నారు. ఫౌండేషన్ అధ్యక్షుడు ఒకప్పుడు పత్తి మిల్లు నడిపిన పెద్దమనిషి. డెబ్బై దాటిన వయసు. రోజూ పొద్దున్నే వచ్చి మరుగుదొడ్ల తలుపులు తీసి, కడిగారో లేదో చూశాకే కాఫీ తాగే మనిషి. నేను హెడ్ నర్సును. మా ఇద్దరికీ పడేది. ఇద్దరికీ ఓపిక తక్కువ కావడమే అందుకు కారణం అనుకుంటాను.

మా వైపు కిడ్నీలు పాడైనవాళ్ళు డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు నరసరావుపేటకో గుంటూరుకో పోయేవాళ్ళు. తెల్లవారకముందే బస్సు. నాలుగు గంటలు మిషన్ మీద. మళ్ళీ బస్సు. మర్నాడంతా మంచం మీద. వారంలో నాలుగు రోజులు జబ్బుకే సరిపోయేవి. మిగతా మూడు రోజుల్లో పనికెవరు పిలుస్తారు? అందుకే మన దగ్గరే నాలుగు మిషన్లు పెడదామని ఫౌండేషన్ తీర్మానించింది. సగం ఖర్చు హైదరాబాదులో స్థిరపడిన ఒక కాంట్రాక్టరు ఇస్తానన్నాడు. మిగతా సగం ఊళ్ళలో పోగుచేయాలి.

"నువ్వు అడగమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "నేనడిగితే ఎలక్షన్లో నిలబడతన్నాడేమోనని చూస్తారు. నీ మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ ఊళ్ళలో సగం మందికి పురుడు పోసింది నువ్వే గదా."

అలా బయల్దేరాను. మొదటి వారం ఘోరంగా సాగింది. ఒక నాపరాళ్ళ యార్డు యజమాని అంతా శ్రద్ధగా విని, జేబులో చెయ్యి పెట్టి, "ఎప్పుడు మొదలయిద్ది?" అని అడిగాడు. "త్వరలోనే అండీ," అన్నాను. జేబులోంచి చెయ్యి ఉత్తదే బయటికొచ్చింది. "మొదలైనాక కనపడండి," అన్నాడు. పక్క యార్డులోనూ అదే ప్రశ్న. ఎండలో నిలబడి నిలబడి విసుగొచ్చి, "ఉగాదికి," అన్నాను. ఆయన చెక్కుబుక్కు తెమ్మని లోపలికి కేకేశాడు.

అంతే. ఆ రోజు నుంచి ఎక్కడికెళ్ళినా ఉగాదికే అన్నాను. మిర్చి కల్లాల్లో కాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య కూర్చుని చెప్పాను. ఆటో స్టాండుల్లో చెప్పాను. అలా చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు. కాదని ఎవరూ ఆపలేదు కూడా.

ఒక పాలిషింగ్ మిల్లులో నా మాటలు విని ఒకతను ముందుకొచ్చాడు. నాపరాయి పాలిష్ పట్టే పనివాడు. నలభై దాటి ఉంటాయి. ఎడమచేతి మీద డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన నరం ఉబ్బుగా కనిపిస్తోంది. సోమవారం, గురువారం గుంటూరు పోతాడట. వచ్చిన మర్నాడు పని చేయలేడని యజమాని అతన్ని కాపలాకు పెట్టుకున్నాడు. జీతం సగం.

"ఉగాదికేనా సిస్టరమ్మా?"

"ఉగాదికే."

"అయితే మొదట నేనే పడుకుంటా."

అన్నం క్యారేజీ తెచ్చిన అతని భార్య పక్కనే ఉంది. "మొదటాట చూట్టానికి అదేమన్నా సినిమానా," అంది. అందరం నవ్వాం. నేను నోటుబుక్కు తీసి అతని పేరు రాసుకున్నాను. అలా పదకొండు పేర్లు రాశాను. ఆ పేజీ చూపిస్తే చందాలు ఇంకా సులువుగా వచ్చేవి.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికి వస్తాను. మిషన్ల ఖర్చు అంచనా వేసిన సమావేశంలో, మిషన్లు అమ్మే కంపెనీ మనిషి నీళ్ళ ప్లాంటు కూడా విడిగా పెట్టుకోవాలన్నాడు. అధ్యక్షుడు నావైపు చూశాడు. "మనకు ప్లాంటు ఉంది కదా," అన్నాను. ఉంది. వార్డుల్లో తాగేందుకు పెట్టిన ప్లాంటు. ఆ గదిలో వైద్యం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నేను ఉందన్నాక ఇంకెవరడుగుతారు? అంచనాలో నీళ్ళ ప్లాంటు ఖర్చు రాసిన వరుస కొట్టేశారు. ఖర్చు తగ్గించానని నాకు లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

మిషన్లు వచ్చాయి. వాటిని నడపడానికి కృష్ణా నది అవతలి నుంచి, మిర్యాలగూడ వైపు అమ్మాయి టెక్నీషియన్‌గా చేరింది. ముప్పై ఏళ్ళుంటాయి, తక్కువగా మాట్లాడే మనిషి. వచ్చిన రోజే మా నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపింది. ప్రారంభానికి పది రోజులుందనగా కాగితం చేతిలో పట్టుకుని నా గదికి వచ్చింది.

"మేడం, ఈ నీళ్ళతోని నడ్వది."

"రోజూ మేమంతా తాగే నీళ్ళేనమ్మా."

"తాగుడు వేరు మేడం. తాగితే కడుపులకు పోతయి. ఇవి రక్తం పక్కపొంటి పారుతయి, నడుమ సన్నటి పొర ఒక్కటే అడ్డం. మీ బోరుల సున్నం ఉంది, ఫ్లోరైడ్ ఉంది. ఈ ప్లాంటుకు అవి పూర్తిగా ఆగుతలెవ్వు. పెద్ద ప్లాంటు కావాలె."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పైసలుంటే రెండు నెల్లు."

కాగితం పట్టుకుని అధ్యక్షుడి ఇంటికి నడిచి వెళ్ళాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ప్రారంభోత్సవానికి ఒక ప్రజాప్రతినిధి వస్తున్నాడు. ఆయన వీలు కోసమే ఉగాది రోజు కాకుండా రెండు రోజులు జరిపి శనివారానికి పెట్టారు. కాంట్రాక్టరు తన వాటాలో మిగతా సొమ్ము అదే రోజు ఇస్తానన్నాడు. వాయిదా వేస్తే కాంట్రాక్టరు మళ్ళీ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు.

"రిబ్బన్ కత్తిరిద్దాం," అన్నాడు అధ్యక్షుడు చివరికి. "ఆ డబ్బు రానీ. దాంతోనే ప్లాంటు పెడదాం. పేషెంట్లకు తర్వాత నిదానంగా చెప్పుకుందాం. ఇప్పుడు చెబితే ఊరంతా అల్లరయిద్ది."

ఆయన మాటల్లో మోసం లేదు. నాకూ అదే తెలివైన దారిలా అనిపించింది. సరేనన్నాను.

ఆ పది రోజులు నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేదాన్ని. మడతపెట్టిన దుప్పట్లే మళ్ళీ మడతపెట్టేదాన్ని. నోటుబుక్కు తెరిచి, పదకొండు పేర్లలో మొదటి నంబరు ఫోనులో నొక్కి, అది మోగకముందే కట్ చేసేదాన్ని. ఏం చెప్పాలి? ఒకరికి చెబితే మధ్యాహ్నానికల్లా పదకొండు మందికీ తెలుస్తుంది, సాయంత్రానికి మాచర్ల దాకా పోతుంది. రేపు చేద్దాం అనుకునేదాన్ని. ప్రారంభం శనివారానికి జరిగిందన్న సంగతి కూడా వాళ్ళకు నేను చెప్పలేదు. పోస్టర్లు చూసి తెలుసుకుంటారులే అనుకున్నాను. టెక్నీషియన్ అమ్మాయి మాత్రం రోజూ ఒకే మాట అడిగేది. "చెప్పిన్రా మేడం?" చివరి రెండు రోజులు ఆమె కంటబడకుండా వేరే మెట్ల మీదుగా వెళ్ళాను.

శనివారం పొద్దున ఏడున్నరకు షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. మైకులో పాటలు. అంబులెన్సుకు బంతిపూల దండలు కట్టి, ముందు అద్దానికి అడ్డంగా కాంట్రాక్టరు బొమ్మ ఉన్న బ్యానరు వేలాడదీశారు. గేటు ముందు ఆటో ఆగింది. పాలిషింగ్ మిల్లు అతను దిగాడు. దిగాడనడం తప్పు. భార్య, ఆటో డ్రైవరు చెరో రెక్క పట్టుకుని దింపారు. ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. ఎగపోస్తున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"గురువారం గుంటూరు పోలేదా?" అన్నాను.

"ఎందుకు పోతాడక్కా," అంది భార్య. "ఉగాది నించి మనకాడే గదా. సోమవారం పోయినప్పుడే అక్కడోళ్ళకి చెప్పేశాడు, ఇంక రాను, నా చోటు ఇంకొకళ్ళకిచ్చుకోండని. గురువారం ఈడికొస్తే గేటుకాడ వాచ్‌మన్ శనివారమన్నాడు. రెండ్రోజులే గదా అని ఓర్చుకున్నాడు."

"ఏం తిన్నాడు?"

"పండగ గదా. ఉగాది పచ్చడి రెండు గ్లాసులు తాగాడు. ఎట్టాగూ శనివారం మిషన్ ఎక్కుతాడు గదా అని నేనే పోశా."

మామిడికాయ, అరటిపండు, చింతపండు, బెల్లం. కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందని ఇన్నేళ్ళుగా జూనియర్లకు నేర్పినదాన్ని నేను. ఈసీజీ తీశాం. డ్యూటీ డాక్టరు చూసి ముఖం మార్చుకుని, ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. "ఇది కాసేపు ఆపుతుంది అంతే. వెంటనే డయాలసిస్ కావాలి. ఎక్కడైనా సరే," అన్నాడు.

భార్య చుట్టూ చూసింది. అద్దం తలుపు వెనక నాలుగు మిషన్లు, వాటి పక్క మంచాల మీద కొత్త దుప్పట్లు కనిపిస్తున్నాయి. "ఎక్కడైనా ఏంది? ఈడ ఉండయ్యి గదా," అంది.

అప్పటికే అధ్యక్షుడు వచ్చాడు. తెల్ల ఖద్దరు చొక్కా, చేతిలో ఫోను. అతిథుల కార్లు పిడుగురాళ్ళ దాటాయట. ఆయన ఆ మనిషిని చూశాడు, మిషన్లను చూశాడు, టెక్నీషియన్ అమ్మాయిని పక్కకు పిలిచాడు. నేనూ వెళ్ళాను.

"అమ్మాయ్, ప్రాణం మీదకొచ్చింది. ఈ ఒక్కసారికి ఆ నీళ్ళతోనే పెడితే ఏమయిద్ది?"

"ఏం గాకపోవచ్చు సార్. మిషన్ మీదనే పాణం పోవచ్చు. నేనైతే పెట్ట."

"నేను బాధ్యత తీసుకుంటా."

"మీరు తీస్కున్నా నేను పెట్ట. నౌకరి తీసేస్తె తీసేయుండ్రి."

ఆమె గొంతు పెంచలేదు. తలుపుకు అడ్డంగా నిలబడింది అంతే. ఆయన నావైపు తిరిగాడు. ఆ క్షణాన నేను కూడా ఒక్కసారికి ఏమవుతుందిలే అని ఆలోచించాను. దాచను. ఆలోచించాను. ఆ అమ్మాయి అక్కడ అలా నిలబడకపోతే నేనేం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

"నరసరావుపేట తీసుకుపోతా," అన్నాను.

అంబులెన్సు దగ్గరకు పరుగెత్తి బ్యానరు లాగేశాను. సగమే ఊడింది, డ్రైవరు మిగతాది చింపాడు. అతన్ని ఎక్కిస్తుండగా నాకు ఇంకొకటి తట్టింది. నోటుబుక్కులో పేర్లు పదకొండు. గుంటూరులో చోటు వదులుకున్నవాడు ఇతనొక్కడేనా?

షామియానా కిందికి వెళ్ళి, పాటలు వేసేవాడి చేతిలోంచి మైకు తీసుకున్నాను. జనం అప్పటికే మూడొందల మంది దాకా ఉన్నారు.

"నేను ఈ ఆసుపత్రి హెడ్ నర్సును. ఇవాళ మిషన్లు పనిచెయ్యవు. వాటికి సరిపడే నీళ్ళు మన దగ్గర లేవు. ఈ సంగతి నాకు పది రోజుల నుంచి తెలుసు, చెప్పలేదు. మిషన్లు మొదలవుతాయని ఎవరైనా తమ డయాలసిస్ మానుకుని ఉంటే ఇప్పుడే లేచి నా దగ్గరికి రండి. ఇప్పుడే పోవాలి."

వెనక వరుసలో ఒక ముసలాయన లేచాడు. ఇంకోవైపు నుంచి ఒక ఇల్లాలు, మరిది చెయ్యి పట్టుకుని. ముసలాయన, ఆ ఇల్లాలు ఇద్దరూ నా నోటుబుక్కులో ఉన్నవాళ్ళే.

అంబులెన్సులో మరొకరికి చోటు లేదు. నేను అటూ ఇటూ చూస్తున్నాను. వేదిక పక్కన నిలబడ్డ అధ్యక్షుడు ముఖమంతా ఎర్రబడి ఉన్నాడు. నా వంక చూడకుండా తన కారు డ్రైవరును పిలిచి, "వీళ్ళిద్దర్నీ గుంటూరు తీసకపో. ఎక్కడా ఆగబాక," అన్నాడు. అతిథుల కార్లు గేటులోకి వస్తుంటే మా అంబులెన్సు వాటిని పక్కకు నెట్టుకుంటూ బయటపడింది.

దారంతా ఫోనులోనే ఉన్నాను. మొదటి ఆసుపత్రి ఖాళీ లేదంది. రెండోది మధ్యాహ్నం మూడు తర్వాత అంది. మూడో చోట ఇన్‌ఛార్జి నర్సు ఒకప్పుడు నా దగ్గర పనిచేసిందే. "ఖాళీ లేదు మేడం. తీసుకురండి, తమ వంతు ఇవ్వడానికి ఎవరన్నా ఒప్పుకుంటారేమో అడుగుతా," అంది. ఒక చెయ్యి అతని నాడి మీద, ఒక చెయ్యి ఫోను మీద. భార్య అతని పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అక్కడున్న ఐదు మిషన్లలో నాలుగు నిండి ఉన్నాయి. ఐదోదాని మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. ఆ వంతు ముప్పాళ్ళ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మది. పేరు పిలిచారు, చెప్పులు విప్పి మంచం దగ్గరకు నడుస్తోంది. స్ట్రెచరు మీద ఇతన్ని చూసి ఆగింది. ఇన్‌ఛార్జి నర్సు నోరు తెరిచేలోపే, "ఆ అబ్బాయిని పడుకోబెట్టండి," అంది. "నేను సాయంత్రం చేపిచ్చుకుంటా. ఈ పూటకు గొంతు తడుపుకోకుండా ఉంటే సరిపోద్ది." మళ్ళీ చెప్పులు వేసుకుని బయట బెంచీ మీద కూర్చుంది. ఆమెకు దణ్ణం పెట్టబోతే, "నీకేమన్నా పనుంటే చూసుకో తల్లీ," అంది.

అతను బతికాడు. గుంటూరు పోయిన ఇద్దరూ బాగానే ఉన్నారు. అతనికి నరసరావుపేటలోనే వారానికి రెండుసార్లు చోటు దొరికింది. అంతవరకు మేలు.

మిగతాది మేలుగా జరగలేదు. కాంట్రాక్టరు రిబ్బన్ కత్తిరించకుండానే వెళ్ళిపోయాడు. మిగతా సొమ్ము రాలేదు. ఫౌండేషన్ కమిటీలో కొందరు నన్ను తీసేయాలన్నారు. మైకు పట్టుకోవడం తప్పన్నారు కానీ, అంచనాలో నీళ్ళ ప్లాంటు వరుస కొట్టేయించింది నేనేనన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. నేనే గుర్తుచేశాను. అధ్యక్షుడు నెలరోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే వచ్చి మరుగుదొడ్ల తలుపులు తీసి చూసుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయేవాడు. ఒకరోజు నా గది గుమ్మంలో నిలబడి, "ప్లాంటుకు ఎంతయిద్దో కనుక్కున్నావా?" అన్నాడు. కనుక్కున్నానన్నాను. "అయితే పద. ఈసారి నేను కూడా వస్తా."

అవే ఊళ్ళకు మళ్ళీ వెళ్ళాం. జరిగింది జరిగినట్టు చెప్పి అడిగాం. ఒకాయన గేటు వేసుకున్నాడు. ఒకాయన అధ్యక్షుడిని నిలబెట్టి అరగంట తిట్టి, చివర్లో కొంత ఇచ్చాడు. మిర్చి కాయలు ఏరే ఆడవాళ్ళు, "చెప్పి అడుగుతున్నారు గదా," అని ఒకపూట కూలి ఇచ్చారు. ఎప్పుడు మొదలవుతుందని అడిగినవాళ్ళకు నీళ్ళ పరీక్ష నెగ్గాక అని చెప్పాం. తక్కువే వచ్చింది, నిదానంగా వచ్చింది. వినాయక చవితి వెళ్ళాక ప్లాంటు అమరింది. టెక్నీషియన్ అమ్మాయి మూడుసార్లు నీళ్ళు పరీక్షకు పంపి, మూడోసారికి తల ఊపింది. షామియానా లేదు, మైకు లేదు. ఒక సోమవారం పొద్దున ఇద్దరు వచ్చి పడుకున్నారు.

పాలిషింగ్ మిల్లు అతను రాలేదు. వారం చూశాను, రెండు వారాలు చూశాను. నరసరావుపేట బస్సు మా గేటు ముందు నుంచే పోతుంది. కిటికీ పక్కన అతను కనిపించేవాడు. ఉండబట్టలేక ఇంటికి వెళ్ళాను. లేచి కుర్చీ వేశాడు.

"నీ మీద కోపం లేదు సిస్టరమ్మా," అన్నాడు. "కానీ ఆడ చోటు వదల్ను. ఒకసారి వదిలి చూశాను గదా."

మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ తర్వాత అతని భార్య రావడం మొదలుపెట్టింది. ఒంటరిగా. డయాలసిస్ గది ఎదుట బెంచీ మీద కూర్చునేది. లోపలికి ఎవరు వెళ్తున్నారు, ఎలా బయటికొస్తున్నారు చూసేది. మధ్యాహ్నం పనికి పోయేది. నాతో పెద్దగా మాట్లాడేది కాదు. బయటికొచ్చినవాళ్ళను ఆపి, "చలి పుట్టిందా? వాంతయిందా?" అని అడిగేది. నెలన్నర అలా వచ్చింది. ఒకసారి టెక్నీషియన్ అమ్మాయి ఆమెను ప్లాంటు గదిలోకి తీసుకెళ్ళి అంతా చూపించింది. పైపులన్నీ చేత్తో తడిమి చూసి వచ్చింది.

కార్తీకంలో ఒక గురువారం ఇద్దరూ కలిసి వచ్చారు. నరసరావుపేటలో చోటు ఇంకా వదులుకోలేదని, ఈ ఒక్కసారి చూసి వెళ్తామని ఆమె ముందే చెప్పింది. అలాగేనన్నాను. టెక్నీషియన్ అమ్మాయి సూదులు గుచ్చింది. మిషన్ తిరగడం మొదలైంది. ఎర్రటి గొట్టాల్లోంచి అతని రక్తం బయటికి పోయి, శుభ్రపడి తిరిగి లోపలికి వస్తోంది. నేను బీపీ చూశాను. ఐదు నిమిషాలకు మళ్ళీ చూశాను. కిటికీ దగ్గరకు వెళ్ళాను, మిషన్ మీటరు దగ్గరకు వచ్చాను, తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. దుప్పటి అంచు సర్దాను.

అతను కళ్ళతోనే నన్ను అనుసరిస్తున్నాడు. భార్య తన పక్కనున్న స్టూలు కాలితో నావైపు జరిపింది.

"కూసో అక్కా," అంది. "నువ్వట్టా తిరగతా ఉంటే ఆయనకి భయమయిద్ది."

కూర్చున్నాను. నాలుగు గంటలూ అక్కడే కూర్చున్నాను.